జల్లెడ పట్టడం వేరు, పక్కన కూర్చోవడం వేరు

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఈ మధ్య నన్ను చూడటానికి వచ్చారు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చినందుకు నాకు సంతోషమైంది, కాదనను. టీ పెట్టాను, బిస్కెట్లు పెట్టాను. "మేడం, స్క్రీనింగ్ అంటే ఏంది, అసెస్‌మెంట్ అంటే ఏంది అని ట్రైనింగ్‌ల మస్తు చెప్పిన్రు గానీ మాకు రెండు ఒక్క తీరుగనే కనవడ్తున్నయి. మీరు జర సమజ్ చెయ్యిన్రి" అని అడిగారు. నేను కళ్ళజోడు తుడుచుకుని గొంతు సవరించుకునేలోపే ఒకమ్మాయి ఫోను మోగింది. బస్సు వెళ్ళిపోతోందట. ఇద్దరూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "మల్ల వస్తం మేడం" అంటూ పరుగెత్తారు.

మళ్ళీ రాలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ వయసులో నేనూ బస్సుల వెనకాల పరుగెత్తినదాన్నే. కానీ వాళ్ళు అడిగిన ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. సమాధానం తెలిసిన మనిషికి అడిగేవాళ్ళు లేకపోవడం ఎంత కష్టమో రిటైరయ్యాకే తెలిసింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను జహీరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. వయసు మళ్ళినవాళ్ళకూ మంచం పట్టినవాళ్ళకూ ఇంటి దగ్గర ఏ సాయం కావాలో కనుక్కోవడం, అది అందేలా చూడటం మా పని. జహీరాబాద్ గల్లీలు, న్యాల్‌కల్, రాయికోడ్ దిక్కు ఊళ్ళు కాళ్ళు అరిగేలా తిరిగాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు పెద్ద కుర్చీ ఇచ్చారు అనే ముచ్చట్లు ఎవరికీ పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు జల్లెడ సంగతి

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. చాలామందిని, కొద్ది ప్రశ్నలతో, గబగబా చూస్తాం. వీళ్ళలో ఎవరిని మళ్ళీ నెమ్మదిగా చూడాలో తేల్చుకోవడానికే అది. అంతకు మించి దానికేమీ తెలియదు. జల్లెడలో మిగిలిందల్లా రాయి కాదు, కిందికి జారిందంతా మంచి గింజా కాదు. అసెస్‌మెంట్ అంటే ఒక్క మనిషి పక్కన కూర్చోవడం. ఆ మనిషికి ఏం చేతనవుతుంది, ఏం చేతకావడం లేదు, చుట్టూ ఎవరున్నారు, అన్నిటికన్నా ముందు తనకు ఏం కావాలి అన్నది తెలిసేదాకా కూర్చోవడం.

ఇంతే తేడా. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. నాకు ఒంటబట్టడానికి ఉద్యోగంలో సగం పోయింది.

మాకు ఒక కోఆర్డినేటర్ సారు ఉండేవాడు. క్యాంపు అంటే ఆయనకు పెళ్ళి సందడి. బడి వరండాకు బ్యానరు కట్టించి, టేబుళ్ళు వేయించి, మైకులో ఊరందరినీ పిలిపించేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చి, "ఎంతమంది అయిన్రు?" అని అడిగేవాడు. టిక్కెట్లు కొట్టే కండక్టరు కూడా అన్నిసార్లు తలలు లెక్కపెట్టడు. మేం ఆయన వెనకాల నవ్వుకునేవాళ్ళం. కానీ న్యాయం చెప్పాలి. ఆయన క్యాంపులు పెట్టబట్టే రాయికోడ్ దిక్కు ఒక ఊళ్ళో చెప్పు లోపల పుండు దాచుకుని నడుస్తున్న షుగరు పేషెంటు ఒకాయన దొరికాడు. కాలు దక్కింది. క్యాంపు లేకపోతే ఆయన గడప మేం తొక్కేవాళ్ళమే కాదు. కాబట్టి జల్లెడను నేను తక్కువ చేయను. జల్లెడ చేతిలో ఉంది కదా అని వంట అయిపోయిందనుకోవడమే నాకు నచ్చదు.

ఒకసారి క్యాంపులో ఖాజా మియా అనే ముసలాయనకు చెవుడు ఉందని తేలింది. ఆయన హైవే మీద బొంబాయి దాకా లారీ నడిపిన మనిషి. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు, ఫోటో తీశారు. కొన్నాళ్ళకు, ఇచ్చిన మిషన్లు వాడుతున్నారో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. ఆయన మిషను డబ్బాలోనే ఉంది, ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. పాడైందేమోనని తీసి చూశాను. బాగానే ఉంది.

"ఎందుకు పెట్టుకుంటలేవు చాచా?" అని గట్టిగా అరిచి అడిగాను.

"మిషిన్ అచ్ఛా హై బేటీ" అన్నాడాయన. "మా ఇంట్లామె పోయినంక ఇంట్ల మాట్లాడెటోల్లు ఎవరున్నరు? ఫ్యాన్ సప్పుడు ఇనుమంటవా?"

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. జల్లెడ తప్పు చెప్పలేదు. ఆయనకు నిజంగానే వినబడదు. కానీ చెవికి ఉన్న లోటు వేరు, ఆయనకు ఉన్న అవసరం వేరు. తర్వాత ఆయన్ని పాత డ్రైవర్లు కూర్చునే హోటలుకు తీసుకుపోయి కూర్చోబెట్టాం. కొన్నాళ్ళు మిషను పెట్టుకుని వెళ్ళాడు. ఆ డ్రైవర్లలో ఒకరిద్దరు పోయాక మానేశాడు. అన్ని కథలూ బాగుపడవు, ఇది కూడా తెలిసి ఉండటం మంచిది.

అడిగే మాట

పైనుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఉండేది: మీరు ఒంటరితనం అనుభవిస్తున్నారా? పుస్తకాల్లో చదవడానికి బాగుంటుంది. మా ఊళ్ళలో అడిగితే ఒకామె, "గది ఏం రోగం బిడ్డా? సూది ఏస్తరా?" అంది. ఇక్కడివాళ్ళు పొద్దు పోతలేదు అంటారు, గుబులు పుడితే ఇల్లు బుగులైతున్నది అంటారు, మనసు నిలవకపోతే తురకోళ్ళ ఇళ్ళలో దిల్ నై లగ్‌తా అంటారు. ఒంటరితనం అనే మాట ఎవరి నోటా రాదు. లేని మాటతో అడిగితే లేదనే జవాబే వస్తుంది. అందరూ బాగున్నట్టు మా కాగితాలు నిండిపోయేవి.

అందుకని మేం దాన్ని మార్చుకున్నాం. "నీకు తోడు ఉన్నదా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టాం. నాకు చాలా నచ్చిన మాట. చిన్నది, అందరికీ తెలిసింది. అంతగా తెలిసిన మాట కాబట్టే అది మమ్మల్ని ఎట్లా బోల్తా కొట్టించిందో తర్వాత చెబుతాను.

విన్నది ఎక్కడ పెట్టుకోవాలి

పక్కన కూర్చోవడం నాకు నేర్పింది మా డాక్టరమ్మ. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి సరిగ్గా లేదన్నట్టు మొహం పెట్టుకుని ఉండేది. నన్ను మొదటిసారి ఇళ్ళకు తీసుకుపోయినప్పుడు ఒకరింట్లో నాకు కుర్చీ వేస్తే కూర్చున్నాను. బయటికి వచ్చాక తిట్టింది. "విమలా, ఆమె నేల మీద కూసుంది, నువ్వు కుర్చీ మీద కూసున్నవు. ఇగ ఆమె నీకు ఏం చెప్తది? దండం వెడ్తది." ఆ తర్వాత నేను ఎవరింటికి పోయినా వాళ్ళెక్కడ కూర్చుంటే అక్కడే కూర్చున్నాను. మోకాళ్ళు అరిగాయి కానీ మాటలు రాలాయి.

ఇంకో మాట కూడా చెప్పేది. మొదటి రోజు సంచిలోంచి కాగితం తీయొద్దు. ఇంట్లో ఇంకెవరైనా నిలబడి ఉంటే ఆ రోజు విన్నది సగమే అనుకోవాలి. మనిషి చెప్పేదాంతోపాటు చేసేది చూడాలి. ఇవన్నీ బంగారం లాంటి మాటలు. ఒక్కటి మాత్రం ఆమె చెప్పలేదు. అట్లా విన్నదంతా తెచ్చి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

క్యాంపు రోజు సాయంత్రం అందరం కలిసి జీపులో నవ్వుకుంటూ వచ్చేవాళ్ళం. ఇళ్ళకు వెళ్ళిన రోజు ఒక్కదాన్నే బస్సులో వచ్చేదాన్ని. ఒకామె తన కోడలితో కూడా చెప్పని మాట నాకు చెబుతుంది. అది నేను ఎవరికీ చెప్పకూడదు. చెప్పకూడదనే నమ్మకంతోనే ఆమె చెప్పింది. బస్టాండు వెనకాల రెండు గదుల్లో అద్దెకు ఉండేదాన్ని, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, అంతే. తాళం తీసి లోపలికి వచ్చి, లైటు వేసుకుని, ఆ మాటలన్నీ లోపలే పెట్టుకుని అన్నం వండుకునేదాన్ని. ఈ పనిలో చేరేవాళ్ళకు ఇది ఎవరూ ముందుగా చెప్పరు. నలుగురి మధ్య చేసే పనిలాగే కనిపిస్తుంది. చాలా ఒంటరి పని ఇది. నాకు ఒంటరిగా ఉండేది, ఇప్పుడు ఇంకా ఎక్కువగా ఉంటోంది. సిగ్గుపడే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

సంగమ్మ

న్యాల్‌కల్ దాటాక కర్ణాటక అంచున ఉన్న ఒక ఊళ్ళో సంగమ్మ ఉండేది. ఆ ఊరివాళ్ళ పేర్లు మార్చి రాస్తున్నాను. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఒక గది, ముందు చిన్న వాకిలి, వెనక పెరడు. పక్క ఇంట్లోనే మరిది కొడుకు శివరాజు, అతని భార్య. శివరాజు జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు డ్యూటీకి పోయేవాడు, భార్య చిన్న పిల్లను వెంటబెట్టుకుని అల్లం చేలలో కూలికి పోయేది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇంట్లో ఉండే టైమే వాళ్ళకు తక్కువ.

ఆ ఊరి బడి వరండాలో మతిమరుపు కోసం క్యాంపు పెట్టారు. నేను ఆ రోజు లేను, కొత్తగా చేరిన అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చుంది. సంగమ్మను ఇయ్యాల ఏం వారమని అడిగితే "ఏమో" అంది. ఏ నెల అంటే "నాకేం ఎరుక" అంది. మూడు మాటలు చెప్పి, గుర్తు పెట్టుకుని కాసేపాగి చెప్పమంటే ఒక్కటీ చెప్పలేదు. ఆఖరున ఆ అమ్మాయి, "నీకు తోడు ఉన్నదా అవ్వా?" అని అడిగింది.

"యాడుంటది? దినాం గల్లీల అడుక్కొచ్చుకుంట" అంది సంగమ్మ.

వరసలో ఉన్నవాళ్ళందరూ గొల్లున నవ్వారట. అమ్మాయికీ నవ్వొచ్చింది. పాలలో వేసే తోడు గురించి చెబుతోంది ముసలామె, అడిగినదొకటి, చెప్పేదొకటి అనుకుంది. ఆ జవాబును కూడా మతి తప్పిన ఖాతాలోనే వేసింది. నేనున్నా అదే చేసేదాన్నేమో. సంగమ్మ పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది.

ఎర్ర గుర్తుకు అర్థం ఈ మనిషిని మళ్ళీ చూడాలి అని మాత్రమే. కానీ వరండాలో నిలబడినవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెబుతారు? సాయంత్రానికి ఊరంతా పాకింది. పెద్ద దవాఖాన వాళ్ళు వచ్చి చూసిన్రట, సంగమ్మకు మతి పోయిందట. మేం దవాఖాన వాళ్ళం కాదు, పెద్దవాళ్ళం అసలే కాదు. అయినా మాట మాటే. పసిపిల్లను ఆమె ఒళ్ళో పడేసి నీళ్ళకు పోయే పక్కింటామె పిల్లను ఇవ్వడం మానేసింది. శివరాజు వచ్చి గ్యాస్ రెగ్యులేటర్ ఊడదీసుకుని పోయాడు, అగ్గిపెట్టెలు కూడా తీసేశాడు. రెండు పూటలా అతని భార్య అన్నం గిన్నెలో పెట్టి ఇచ్చేది. అల్లం తవ్వకం అయ్యాక బీదర్ దిక్కు ఒక ఆశ్రమంలో చేర్పించడానికి మాట్లాడుకున్నాడు.

చేర్చేముందు ఒకసారి అసెస్‌మెంట్ చేయమని మా ఆఫీసుకు వచ్చి అడిగింది కూడా అతనే. "కాయిదం కావాలె మేడం. ఆశ్రమం వాళ్ళు అడుగుతున్నరు" అన్నాడు. తీర్పు అప్పటికే అయిపోయింది, సంతకమే మిగిలిందన్నమాట. నేను బస్సెక్కాను.

ముందు ఆమె ఇంటికి పోలేదు. అవతలి పక్కింటి తుల్జమ్మ వాకిట్లో కూర్చున్నాను, చిక్కుడుకాయలు తుంచుతుంటే నేనూ తుంచాను. అడగకుండానే మొదలుపెట్టింది.

"మతి ఎప్పుడో పోయింది మేడం, మాకే సమజ్ కాలే. గిన్నె వట్టుకొని వస్తది, తుల్జమ్మా జర తోడు ఇయ్యి అంటది. నిన్న ఇచ్చిన, మొన్న ఇచ్చిన, ఇయ్యాల మల్ల వస్తది. ఒక్కపారి పెరుగైనంక అండ్లకెల్లే రేపటికి తీసి వెట్టుకోవచ్చు గద. చిన్న పోరికి గూడ ఎరుకే. మా ఇంట్లనే గాదు, గల్లీ మొత్తం తిరుగుతది."

"దినాం వస్తదా?"

"దినాం వస్తది. ఒక్క మంగళారం, సుక్రారం రాదు. ఆ రోజు ఎవ్వరియ్యరు గద."

"ఏ టైముకు?"

"దీపాలు వెట్టకముందే. దీపాలు వెట్టినంక పాలు, పెరుగు ఇంట్లకెల్లి బైటికి ఇస్తరా ఎవరన్న?"

నేను చిక్కుడుకాయలు తుంచుతూనే ఉన్నాను. మంగళవారం, శుక్రవారం ఆమె ఒక్కసారి కూడా రాలేదా అని మళ్ళీ అడిగాను. రాలేదంది. ఏం వారమో తెలియని మనిషి ఆ రెండు రోజులు మాత్రం తప్పకుండా ఇంట్లో కూర్చుంటుందన్నమాట. తుల్జమ్మకు తను చెప్పిందేమిటో తట్టలేదు. నేనూ చెప్పలేదు. ఒక్క మాట మీద అసెస్‌మెంట్ అయిపోదు, అది కూడా ఇంకో జల్లెడే అవుతుంది.

సంగమ్మ ఇంటికి మూడుసార్లు పోయాను. మొదటిసారి పోయినప్పుడు గడపలో కూర్చుని ఉంది. ఆ ఊళ్ళో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు, రా అనడానికి బా అంటారు. "బా బిడ్డా, బా" అంటూ చాప పరిచింది. చూస్తే చిన్న మనిషి, నవ్వితే మాత్రం ఇల్లంతా నిండేది. నేను సంచి విప్పలేదు. ఆమె కూడా ఎందుకొచ్చావని అడగలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఎవరు కాన్పయ్యారో, ఎవరి బోరు ఎండిపోయిందో, ఎవరింటి పెరుగు పులుపో చెప్పింది. గిన్నెల్లో పెరుగు ఉంది. ఒక గిన్నె కాదు, నాలుగైదు ఉన్నాయి. అంత పెరుగు ఏం చేస్తావని అడిగితే కుక్కకు పోస్తానంది.

రెండోసారి మధ్యాహ్నం పోయాను. శివరాజు డ్యూటీలో ఉన్నాడు. ఆమె నా మొహం ఒకసారి పరీక్షగా చూసి, "తిన్నవా?" అంది. తినలేదన్నాను. లేచి తలుపు దగ్గరికి వేసి, దూలం సందులోంచి అగ్గిపెట్టె తీసింది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ముట్టించి జొన్నరొట్టెలు కొట్టింది. పిండి తడపడం దగ్గర్నుంచి రొట్టె కాలి పొంగేదాకా నేను కళ్ళప్పగించి చూశాను. ఒక్క చోట తడబడలేదు. అయ్యాక నిప్పుల మీద నీళ్ళు చల్లి, బూడిద కప్పి, చెయ్యి పెట్టి చూసి మరీ లేచింది. అగ్గిపెట్టె మళ్ళీ దూలం సందులోకి పోయింది. "వాడు పిచ్చోడు. భయపడ్తడు" అంది శివరాజు గురించి.

రొట్టె తింటూ అడిగాను. "పెద్దమ్మా, ఇయ్యాల ఏం వారం?"

ఆమె నావైపు చూసింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా నవ్వింది.

"గవన్ని అడుగుతవా ఇప్పుడు? గా పోరి మూడు మాటలు చెప్పి యాదికి వెట్టుకొమ్మన్నది. గొడుగు, మేక, తాళం. అవ్వి గూడ చెప్పన్నా?"

క్యాంపు అయి అప్పటికి చాలా వారాలైంది. ఆ మూడు మాటలు మా ఆఫీసులో నాకే గుర్తు లేవు. సంచిలోంచి కాగితం తీసి చూసుకోవాల్సి వచ్చింది. గొడుగు, మేక, తాళం. సరిగ్గా అవే.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?"

రొట్టె ముక్క తుంచి కుక్కకు వేసింది.

"నా ముందల రాచవ్వ ఉండె. అన్ని సరింగ చెప్పింది. మంచిగున్నవ్ అవ్వా, ఇగ పో అన్నరు. ఆమెకు ముందల ఒక ముసలాయన ఉండె. ఏం చెప్పలే. మీ ఇంటికి వస్తం తాత, కూసొని మాట్లాడ్తం అన్నరు." చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "నా ఇంటికి ఎవ్వరొస్తరు బిడ్డా? తోడు అడుగుతందుకు నేనే పోవాలె. ఉప్పు అడిగితే దినాం అడుగుతరా అంటరు. పైసలు అడగరాదు. ఊకె పోయి కూసుంటే ఏం పనికొచ్చినవ్ అంటరు. తోడు అంటే ఇస్తరు. ఇచ్చెటప్పుడు రెండు మాటలు మాట్లాడ్తరు. గంతే."

క్యాంపులో తోడు ఉన్నదా అని అడిగినప్పుడు ఆమె మాకు చెప్పిన జవాబు నిజం. రోజూ గల్లీలో అడిగి తెచ్చుకుంటోంది. మేం నవ్వాం.

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, రొట్టె తిన్నాను. డాక్టరమ్మ చెప్పని సంగతుల్లో ఇది కూడా ఒకటి.

"శివరాజుకు గీ ముచ్చట చెప్పకు" అంది వెళ్ళేటప్పుడు. "కావాల్నని తప్పు చెప్పిందంటే నగుతరు. మతి పోయిందన్నా ఫికర్ లేదు గానీ గిట్ల తెలిస్తే నాకు గల్లీల మొకం ఉండదు."

మూడోసారి శివరాజు ఇంట్లో ఉన్న రోజు పోయాను. అతన్ని పెరట్లో కూర్చోబెట్టి, ఆమె మతి బాగానే ఉందని చెప్పాను. నమ్మలేదు. నమ్మకపోవడంలో అతని తప్పు లేదు. ఎర్ర గుర్తు పెట్టింది మేమే.

"మరి గల్లీల గట్ల ఎందుకు తిరుగుతది మేడం? రేపు ఇల్లు అంటుకుంటే ఊరోల్లు నన్నే అంటరు. ఇల్లు కోసం ముసల్దాన్ని సంపిండు అంటరు" అన్నాడు. చాలామంది అతనికి ఇంటి మీద కన్నుందని నాతో గుసగుసలాడారు. నాకు అట్లా అనిపించలేదు. అతనికి భయమే ఉంది.

ఎందుకు తిరుగుతుందో నేను చెప్పలేదు. చెప్పనని మాటిచ్చాను. "నువ్వే చూడు" అన్నాను. రెగ్యులేటర్ తెప్పించాను. సంగమ్మ స్టవ్ వెలిగించి మాకు చాయ్ పెట్టింది. పాలు పొంగకముందే దించింది, స్టవ్ ఆర్పింది, సిలిండరు దగ్గర కూడా తిప్పేసింది. నీ పెళ్ళాం అల్లం చేలోకి పోయేటప్పుడు పిల్ల చెప్పులు మర్చిపోయింది, వాకిట్లో ఉన్నాయి అని అతనికి గుర్తు చేసింది. శివరాజు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, రెగ్యులేటర్ అక్కడే వదిలేసి లేచాడు.

"ఆశ్రమానికి ఫోన్ చేస్త మేడం, వద్దని" అన్నాడు. గడప దగ్గర ఆగి, "తప్పైంది పెద్దమ్మా" అన్నాడు. ఆమె "పో, డ్యూటీకి లేటైతది" అంది.

అతను వెళ్ళాక నేను సంచి భుజానికి వేసుకున్నాను. ఆమె నాతో వాకిలి దాకా వచ్చింది.

"అయితే ఇగ రావా?"

"మా పని అయిపోయింది పెద్దమ్మా. నీకు ఏం రోగం లేదు."

"మంచిగున్నోల్ల ఇంటికి మీరు రారా?"

"రాము" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె గడప మీద కూర్చుంది.

"ఏం రాస్తవు కాయిదంల?"

"నువ్వు మంచిగున్నవని రాస్త. ఇల్లు నీకే ఉంటది. ఎవ్వరు ఎక్కడికి పంపరు."

"మతి మంచిగున్నదని రాయి" అంది సంగమ్మ. "నేను మంచిగున్ననని రాయకు."

అట్లాగే రాశాను. మొదటి మాట ఇంగ్లీషులో రాశాను, రెండోదానికి ఇంగ్లీషు దొరకక తెలుగులోనే రాశాను. కోఆర్డినేటర్ సారు చదివి, "దీనికి మన దగ్గర ఏమున్నది విమలా?" అని అడిగాడు. మిషన్లున్నాయి, మందులున్నాయి, చేతికర్రలున్నాయి. "ఏం లేదు సార్" అన్నాను. "మరి ఎందుకు రాసినవు?" అన్నాడు. "ఉన్నది కాబట్టి రాసిన" అన్నాను. ఆయన సంతకం పెట్టి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత ఆఫీసు పని మీద నేను ఆ ఊరికి పోలేదు. నా సెలవు రోజున బస్సెక్కి పోయేదాన్ని. కాగితం ఉండదు, అడగాల్సిన ప్రశ్నలు ఉండవు. ఇద్దరం గడపలో కూర్చుని పొద్దు గుంకేదాకా ఏవో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం, ఒక్కోసారి ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. పోయిన ఏడాది సంగమ్మ తన ఇంట్లోనే, తన మంచం మీదే చనిపోయింది. శివరాజు ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు సెలవు రోజులే మిగిలాయి, పోవడానికి ఇల్లు లేదు. అన్నాళ్ళూ ఆమె కోసం పోతున్నాననే అనుకున్నాను.